పౌడర్ రాసుకుంటే అబద్ధం ఆడినట్టేనా?

మా తెలుగు టీచర్ ప్రతి ఏడాది సంచికకు ముందు బోర్డు మీద కొన్ని విషయాలు రాస్తారు. మాకు నచ్చింది ఎంచుకుని వ్యాసం రాయాలి. ఈసారి మొదటి వరుసలో "నిజమే పలకాలి" అనీ, చివరి వరుసలో "అలంకరణ, చర్మ సంరక్షణ" అనీ ఉన్నాయి. చివరిది చూసి క్లాసంతా నవ్వింది. అబ్బాయిలైతే బెంచీలు కొట్టారు. నేను లేచి, ఆ రెండూ కలిపి రాయవచ్చా టీచర్ అని అడిగాను. "ఆ రెండింటికీ ఏం సంబంధమమ్మా?" అన్నారు. మా ఇంట్లో ఉంది టీచర్ అన్నాను. అందుకే ఈ వ్యాసం కొంచెం ఇంటి సంగతిలా ఉంటుంది. పెద్దలు మన్నించాలి.

మేము నాగావ్‌లో ఉంటాం. బాపు సాంచెలు నడుపుతాడు. అమ్మ కండెలు చుడుతుంది. పన్నెండో తరగతి అయిపోయాక అక్క కూడా అమ్మతోపాటు కండెల పనికే వెళ్తోంది. సాయంత్రం వాళ్లు ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల దగ్గర, ముక్కు పక్కన తెల్లగా దూది నూగు అంటుకుని ఉంటుంది. చిన్నప్పుడు నేను అది పౌడర్ అనుకునేదాన్ని. మా అమ్మ రోజూ పౌడర్ రాసుకుని పనికి పోతుందని బడిలో గొప్పగా చెప్పాను కూడా.

పోయిన ఏడాది అక్కకు ఒక సంబంధం వచ్చింది. వాళ్లూ మనవాళ్లే, భివండీలోనే ఉంటారు. ఆదివారం చూడటానికి వస్తామన్నారు. ఆ రోజు పొద్దున అమ్మ అక్కను కూర్చోబెట్టి ముఖానికి క్రీమ్ రాసి, దాని మీద పౌడర్ అద్దుతోంది. మా బాపమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చూస్తోంది. బాపమ్మ సిరిసిల్ల దిక్కు పల్లె నుంచి వచ్చిన పాత మనిషి. ఇప్పటికీ పండగ వస్తే మాకు సున్నిపిండి పెట్టి ఒళ్లు రుద్దుతుంది. ఆమె ఉన్నట్టుండి అన్నది, "పౌడరు కొట్టి పిల్లను చూపెడుతున్నవు. రేపు మొఖం కడుక్కున్నంక వాళ్లు ఏమంటరు? గిది అబద్ధం గాదా?"

అమ్మ చెయ్యి ఆపకుండానే జవాబిచ్చింది. "కోరా బట్టను కోరాగనే ఎవలన్న కట్టుకుంటరా అత్తమ్మా?"

ఇది భివండీ పిల్లలకు వివరించక్కర్లేదు. కానీ ఊరి నుంచి చుట్టాలు ఎవరైనా ఈ సంచిక చదివితే వాళ్ల కోసం చెప్తున్నాను. మన సాంచెల మీద నేసేది ఎక్కువగా కోరా బట్ట. మట్టి రంగులో, గరుకుగా ఉంటుంది. అది ఇక్కడి నుంచి ప్రాసెసింగ్‌కు పోతుంది. అక్కడ ఉడికించి, తెల్లబరిచి, రంగు వేస్తే అప్పుడు షాపుకు వస్తుంది. బాపు నేసిన బట్టను రంగు వేశాక షాపులో చూస్తే బాపే గుర్తుపట్టలేడు. మరి ఆ రంగు అబద్ధమా?

బాపమ్మ ఊరుకోలేదు. "సున్నిపిండి మీద ఉన్న మురికి తీసేస్తది. పౌడరు లేనిదాన్ని తెచ్చి పెడతది. రెండూ ఒక్కటెట్ల అయితయే?" అన్నది.

తర్వాత ఈ మాట మా టీచర్‌కు చెప్తే ఆమె ఆశ్చర్యపోయారు. దాదాపు 2400 ఏళ్ల కిందట గ్రీసు దేశంలో ప్లేటో రాసిన 'గోర్జియాస్' అనే పుస్తకంలో సోక్రటీసు ఇంచుమించు ఇదే వాదన చేస్తాడట. వ్యాయామం ఒంటికి నిజమైన ఆరోగ్యం ఇస్తుంది, అలంకరణ ఆరోగ్యం ఉన్నట్టు కనిపించేలా చేస్తుంది, కాబట్టి అది ఒక మోసం అని. మరి మన దేశంలో పెద్దలు చెప్పిన 64 కళల్లో నుదుటి మీద అందంగా బొట్టు, తిలకాలు దిద్దడం కూడా ఒకటి. ఒక చోట మోసం అన్నది ఇంకో చోట కళ అయింది. ఎవరు కరెక్టు?

నేను మొదట మన కళల వైపే ఉన్నాను. బోనాల నాడు పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా తిప్పుతూ వస్తాడు. అతను మా గల్లీ అన్నే అని అందరికీ తెలుసు. అయినా దండం పెడతాం. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. మా పక్కింట్లో ఉర్దూ మీడియంలో చదివే నా స్నేహితురాలు రంజాన్‌కు రెండు చేతులకూ మెహందీ పెట్టుకుంటుంది. ఆ ఎరుపు పుట్టుకతో వచ్చిందని ఎవరూ అనుకోరు కదా. చూసేవాళ్లకు తెలిసి వేసుకునే రంగు అబద్ధం ఎట్లా అవుతుంది?

ఆ రోజు బాపు కూడా ఒక మాట చెప్పాడు. బాపు ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే సాంచెల భాషే. "రంగు మోసం గాదు. కొనేటోనికి తెలుసు అది రంగని. మోసం ఎక్కడుంటది తెలుసా? పలచటి బట్టకు గంజి మస్తుగ పట్టిస్తరు. చేతికి మందంగ తగుల్తది. ఇంటికి తీస్కపోయి ఒక్కసారి ఉతికితే జల్లెడ. గది మోసం." కొంచెం ఆగి మళ్లీ అన్నాడు, "గంజిది కూడ తప్పు లేదు. పడుగుకు గంజి పెట్టకుంటే సాంచె మీద దారం నిలుస్తదా? ఎందుకు పెట్టినవన్నది చూడాలె."

ముగ్గురి మాటలూ నాకు నచ్చాయి. అప్పటిదాకా అక్క ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అద్దంలో చూసుకుంటూ మెల్లగా అన్నది. "మీరందరు బట్ట బట్ట అంటున్నరు. నేను థాన్‌నా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంతలో వాళ్లు వచ్చారు.

అబ్బాయి వాళ్ల నాన్న జుట్టుకు నల్ల రంగు వేసుకున్నాడు. చెవుల దగ్గర చర్మానికి కూడా కొంచెం అంటింది. అబ్బాయి కొత్త చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వచ్చాడు. చాయ్ తాగారు, మంచిగా మాట్లాడారు, వెళ్లిపోయారు. నాలుగు రోజులకు మధ్యవర్తితో కబురు వచ్చింది. "పిల్ల మంచిగనే ఉన్నది గని రంగు జర తక్కువ." ఆ పెద్దమనిషి తల రంగు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అది నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది.

ఇక్కడి నుంచి నా సంగతి మొదలవుతుంది.

బాపమ్మ మాట నా మనసులో ఉండిపోయింది. పౌడర్ లేనిదాన్ని తెచ్చి పెడుతుంది, కడిగితే పోతుంది, కాబట్టి అబద్ధం. మరి కడిగినా పోని తెలుపు వస్తే? అప్పుడు అది నిజమే అవుతుంది కదా! నాకు అది పెద్ద తెలివైన ఆలోచనగా తోచింది. మా వైపు ఒక పార్లర్‌లో అలాంటి క్రీమ్ ఇస్తారని స్నేహితురాలు చెప్పింది. వెళ్లాను. ఆమె పెద్ద డబ్బాలోంచి చెంచాతో తీసి చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది. నూటయాభై రూపాయలు. ఆ డబ్బా మీద పేరు లేదు, తేదీ లేదు, ఏమీ లేదు. "ఇది మేకప్ కాదు, స్కిన్ కేర్. లోపలి నుంచి తెల్లగా చేస్తుంది" అన్నది. నాకు కావలసిన మాట సరిగ్గా అదే.

అక్క మొదట వద్దన్నది. నేనే బతిమాలాను. రాత్రి పడుకునే ముందు కొంచెమే అన్నాను. పది రోజుల్లో అక్క ముఖం నిజంగానే మెరిసింది. అమ్మ కూడా "ఏం రాస్తున్నవే?" అని సంతోషంగా అడిగింది. నెల దాటేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎండలోకి వెళ్తే మంట. గడ్డం మీద, నుదుటి మీద గుంపుగా మొటిమలు వచ్చాయి. భయపడి రాయడం మానేస్తే ఇంకా ఎక్కువైంది, మళ్లీ రాస్తే తగ్గింది. ఇదేం విచిత్రమో మాకు అర్థం కాలేదు. షెడ్డులో దూది నూగు ముఖం మీద పడితే అక్క కళ్లలో నీళ్లు తిరిగేవి.

చివరికి బాపు ఒక రోజు పని మానుకుని అక్కను చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెళ్లాను. ఆమె ముఖం చూడగానే "ఇది స్టెరాయిడ్ క్రీమ్ వాడిన ముఖం" అన్నది. స్టెరాయిడ్ క్రీములు చెడ్డ మందులు కావట. తామర కాని కొన్ని చర్మ జబ్బులకు, దురదకు డాక్టర్లే కొన్ని రోజులు రాసిస్తారు. కానీ వాటిని తెల్లబడటానికి నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, ఆపితే మంట రెట్టింపవుతుంది. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను కట్టడి జాబితాలో చేర్చింది. చెంచాతో తీసి ఇచ్చే డబ్బాకు జాబితా ఏం తెలుసు?

మాది తక్కువలోనే పోయిందని తర్వాత తెలిసింది. 2023లో పేపర్లో వచ్చిన ఒక వార్తను మా సైన్స్ సార్ చూపించారు. మన మహారాష్ట్రలోనే అకోలాలో ఒకే కుటుంబంలో ముగ్గురు ఆడవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎందుకో మొదట తెలియలేదు. వాళ్లు ముగ్గురూ పార్లర్‌లో ఇచ్చిన ఒకే క్రీమ్ వాడారు. ముంబైలో పరీక్ష చేయిస్తే అందులో పాదరసం బయటపడింది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ వరకు వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు వాళ్లను 22 మందిని పరిశీలించారు. వాళ్లలో 15 మందికి ఆ జబ్బులోనే ఒక అరుదైన రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే.

పాదరసం చర్మంలో మెలనిన్ తయారు కాకుండా అడ్డుపడుతుంది, అందుకే రంగు తగ్గుతుంది. కానీ అది చర్మం దగ్గరే ఆగదు, రక్తంలో కలిసి కిడ్నీల దాకా పోతుంది. మన దేశంలో 2020 నాటి నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. కొన్ని డబ్బాల మీద "కాలోమెల్" అనో "మెర్క్యురిక్" అనో ఉంటుంది. వెండి, బంగారం, అల్యూమినియం, రబ్బరు తగలనీయవద్దు అని రాసి ఉన్నా అనుమానించాలి. ఉంగరానికి తగలకూడనిది బుగ్గకు ఎట్లా పనికొస్తుంది?

ఇప్పుడు నా ప్రశ్నకు మళ్లీ వస్తాను. బాపమ్మ లెక్క ప్రకారం పౌడర్ అబద్ధం, క్రీమ్ నిజం కావాలి. కానీ జరిగింది తలకిందులు. పౌడర్ ఎవరినీ పెద్దగా మోసం చేయదు. అది ఉందని ఎదుటివాళ్లకు తెలుసు, రాత్రి కడిగితే పోతుంది, కింద ముఖం ముఖంలాగే ఉంటుంది. "నేను మేకప్ కాదు" అని చెప్పుకుని వచ్చిన ఆ డబ్బానే అసలు అబద్ధం. అది పెళ్లివారిని మోసం చేయకముందే మా అక్కను మోసం చేసింది. సోక్రటీసు ఒకవైపు ఆరోగ్యాన్ని, ఒకవైపు అలంకరణను పెట్టాడు. అలంకరణే ఆరోగ్యం పేరు పెట్టుకుని వస్తే ఏం చేయాలో ఆయన చెప్పాడో లేదో టీచర్‌ను అడగాలి.

ఇంకో మాట కూడా రాయాలి. అబద్ధం ఆడేవాళ్ల గురించే అందరూ మాట్లాడతారు, అబద్ధం ఆడమని అడిగేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. నలుపు తక్కువ అని అక్కతో అన్నది ఎవరు? మధ్యవర్తి ఒక్కడే కాదు. మన దేశంలో 1975లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' వచ్చింది. అంటే మా అమ్మ పుట్టకముందు నుంచే టీవీలు, పేపర్లు ఈ మాట చెప్తున్నాయి. నల్లగా ఉన్నవాళ్లు దిగులుగా ఉన్నట్టు, తక్కువవాళ్లైనట్టు ప్రకటనల్లో చూపించకూడదని 2014లో ప్రకటనల మండలి చెప్పింది. 2020లో ఆ క్రీమ్ పేరులోంచి "ఫెయిర్" తీసేసి 'గ్లో' పెట్టారు. పేరు మారింది, మధ్యవర్తి మాట మాత్రం మారలేదు. అబ్బాయిలూ, మీరు నవ్వకండి. 2005 నుంచి మగవాళ్లకు కూడా విడిగా తెల్లబరిచే క్రీమ్ అమ్ముతున్నారు. మా క్లాసులో ఎవరెవరి బ్యాగులో ఏముందో నాకు తెలుసు, పేర్లు రాయను.

అట్లాగని అక్క పౌడర్ రాసుకోవడం మానేయాలని నేను అనను. రోజంతా మూతికి గుడ్డ కట్టుకుని కండెలు చుట్టిన మనిషి ఆదివారం వరాలదేవి చెరువు దగ్గరికి పోయేటప్పుడు కాటుక పెట్టుకుంటే అది ఎవరికోసమో కాదు. నేను అడిగాను కూడా. "నాకు మంచిగ అనిపిస్తది" అన్నది, అంతే. ఆ జవాబులో నాకు ఏ తప్పూ దొరకలేదు.

డాక్టరమ్మ చెప్పినవి మా చెల్లెళ్లకు, తమ్ముళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను. ముఖాన్ని రోజుకు రెండుసార్లు మెత్తటి సబ్బుతోనో ఫేస్‌వాష్‌తోనో కడిగితే చాలు. పని నుంచి వచ్చాక నూగు పోవాలని గుడ్డతో గట్టిగా రుద్దకూడదు, ముందు నీళ్లు చల్లుకుని మెల్లగా కడగాలి. కడిగాక చర్మం బిగుసుకుపోతే మామూలు మాయిశ్చరైజర్ రాయాలి. పగలు బయటికి పోతే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాయాలి, నల్లటి చర్మానికి కూడా. మెలనిన్ ఎండ నుంచి కొంత కాపాడుతుంది కానీ పూర్తిగా కాదు. మన వయసులో మొటిమలు మురికి వల్ల రావు, ఒంట్లో హార్మోన్లు మారడం వల్ల వస్తాయి. కాబట్టి ఎక్కువ కడిగితే పోవు, గిల్లితే మచ్చలు పడతాయి. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ ముఖానికి రాయవద్దు. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. కాటుక, లిప్‌స్టిక్ ఒకరివి ఒకరు వాడకూడదు. మేము బడిలో కార్యక్రమం రోజు ఒకే కాటుక డబ్బా ఎనిమిది మంది వాడాం, తర్వాత ముగ్గురికి కళ్లకలక వచ్చింది. మేకప్ తోనే పడుకోకూడదు.

సన్‌స్క్రీన్ గురించి చెప్పినప్పుడు బాపుకు వెంటనే అర్థమైంది. "పడుగుకు పెట్టే గంజి అసొంటిది" అన్నాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు, నేను హిందీలో చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది.

అక్క ముఖం బాగవడానికి ఏడు నెలలు పట్టింది. ఎడమ బుగ్గ మీద కొన్ని గుంటలు ఉండిపోయాయి. మధ్యలో ఇంకో సంబంధం వస్తే ఇప్పుడు వద్దని అక్కే చెప్పింది.

ఆ ఏడు నెలల్లో ఇంట్లో అందరూ అక్కనే అడిగారు, ఆ క్రీమ్ ఎక్కడిదని. "మార్కెట్ల కొన్న" అన్నది. నా పేరు చెప్పలేదు. అమ్మ తిట్టింది, బాపమ్మ తిట్టింది. నేను అదే గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే అని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. పౌడర్ అబద్ధమా కాదా అని ఇన్ని పేజీలు ఆలోచించిన నేను, నా ముఖం మీద ఉన్నదాన్ని మాత్రం కడగలేదు.

ఈ సంచిక ప్రతి ఇంటికీ వస్తుంది. అమ్మకు చదవడం అంతగా రాదు కానీ పక్కింటి వాళ్లతో చదివించుకుంటుంది. వేరేవాళ్ల నోటితో వినడం కంటే నేనే చెప్పాలనిపించింది. టీచర్‌కు ఇవ్వకముందు, కరెంటు పోయిన ఒక రాత్రి, సాంచెల చప్పుడు ఆగినప్పుడు ఈ వ్యాసం మొత్తం అమ్మకు చదివి వినిపించాను. అక్క పక్కనే పడుకుని ఉంది, నిద్రపోయిందో లేదో తెలియదు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "నూటయాభై రూపాలు నీకు ఎక్కడియే?"

బతుకమ్మకు మామయ్య ఇచ్చినవి అమ్మా అన్నాను.